బెంగళూరు తెలుగు చేసిన నేరమేమి?

మడివాళలో, మేము నివసించు వీథియందే జరిగిన ముచ్చట ఇది. నాలుగేండ్ల పిల్లవానిని బడిలో వేసిన ఒక తల్లిని ఉపాధ్యాయిని పిలిపించి, ఇంటిలో రెండు మూడు భాషలు వినిపించినచో పిల్లవాని బుద్ధి తికమకపడునని, ఇకమీదట వానితో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడవలెనని హితవు చెప్పినది. తల్లి ఇంటికి వచ్చి ఆ మాట అత్తగారికి చెప్పినది. అత్తగారికి ఇంగ్లీషు రాదు. ఆనాటి నుండి ఆ ఇంట నాయనమ్మ మనుమనితో మాట్లాడుట తగ్గించుకొన్నది. పిల్లవానికి మేలు జరుగునన్నప్పుడు ఏ నాయనమ్మ కాదనును?

ఆ కుటుంబమునే మన సంఘపు ఉగాది సభలో చూచితిమి. పిల్లవాడు వేదికనెక్కి, ఇంగ్లీషు లిపిలో వ్రాసి ఇచ్చిన కాగితము చూచుచు వేమన పద్యమొకటి అప్పగించినాడు. చప్పట్లు మ్రోగినవి. క్రింద కూర్చున్న నాయనమ్మ ఆనందము పట్టలేక ప్రక్కనున్న వారితో, "మా వాడు బాగా చెప్పినాడు కదమ్మా! పొద్దున తిండి కూడా తినకుండా వచ్చేసుండాడు" అన్నది. తిండి యనగా మన బెంగళూరు ఇండ్లలో ఉదయపు ఫలాహారము. కన్నడ సోదరులనుండి మనకు వచ్చిన అర్థము. కోస్తా జిల్లాల నుండి ఇటీవల వచ్చి స్థిరపడిన పెద్దమనిషి ఒకాయన వెనుక వరుసలో నవ్వి, "ఇదేం తెలుగండీ బాబూ, సగం కన్నడమే!" అన్నాడు. ఆమె మరల నోరు విప్పలేదు.

బడిలో రెండు భాషలు కూడదన్నారు. సభలో కలిసిన భాష భాషయే కాదన్నారు. ఈ రెండు తీర్పుల నడుమ చిక్కి ఒక నిండు ప్రాణి మూగవోయినది. ఆ రెండు తీర్పులును అబద్ధములని చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. ఇది మా ఆవేశము కాదు. డెబ్బది ఎనుబది ఏండ్లుగా భాషాశాస్త్రజ్ఞులును వైద్యులును శ్రమించి కూర్చిన సాక్ష్యమున్నది. అందులో చాల భాగము హిందీ ఉర్దూ మాటలాడువారిని, ద్విభాషులను పరిశీలించుటవలన లభించినదగుట మనకు మరింత అనుకూలము. వారి కథ మన గుమ్మము ముందరనే నడచుచున్నది.

మొదటి తీర్పును శీఘ్రముగా త్రోసిపుచ్చవచ్చును. రెండు భాషలు పిల్లల బుద్ధిని మందగింపజేయునను నమ్మకమునకు మూలము పాశ్చాత్య దేశములందున్నది. 1923లో శేర్ అను పండితుడు వేల్సు దేశములోని బాలబాలికలను పరీక్షించి, పల్లెలలోని ద్విభాషులైన పిల్లలు వెనుకబడియున్నారని ప్రకటించినాడు. పట్టణములలోని పిల్లలలో అట్టి భేదము కనబడలేదు; ఆ సంగతి ఎవరికిని పట్టలేదు. పల్లె పేదరికమును భాషల నెత్తిన రుద్దిన ఈ లెక్కను 1962లో మాంట్రియల్ నగరమున పీల్, లాంబర్టు అను ఇరువురు తలక్రిందులు చేసినారు. వారు సాంఘికస్థితిలో సమానులైన పదేండ్ల పిల్లలను ఏరి పోల్చినారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండును వచ్చిన పిల్లలే బుద్ధిపరీక్షలలో ముందున్నారని తేలినది. అరువది ఏండ్లకు పైబడిన తరువాతను మన బడులలో ఇంకను 1923 నాటి మాటయే చెలామణి యగుచున్నదన్నచో, ఇంగ్లీషు నేర్పెడివారు ఇంగ్లీషులో వ్రాసినది చదువుట లేదని యనుకొనవలసి వచ్చుచున్నది.

అంతదూర మెందుకు? హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు మతిమరుపు వ్యాధికి లోనైన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించినారు. వారిలో 391 మంది రెండుగాని అంతకెక్కువగాని భాషలు వాడువారు. తెలుగు, దక్ఖనీ, హిందీ, ఇంగ్లీషు అనునవి వారి నిత్యవ్యవహారపు భాషలు. ఒకే భాష తెలిసినవారికంటె ద్విభాషులకు వ్యాధిలక్షణములు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కనబడినవట. చదువుకొన్నవారగుటచేత అట్లు జరిగినదేమో యని శంకింపవచ్చును. అక్షరజ్ఞానము లేనివారిలోను ఆ భేదము కనబడినది. ఇట్టి ఫలితములను గూర్చి ఇతర దేశములలో వాదోపవాదములు నడచుచున్నవని మేమెరుగుదుము. రెండు భాషలు సంజీవని యని చెప్పుట మా ఉద్దేశము కాదు. కాని హాని కలదనుటకు ఆధార మెక్కడ? ఆ డాక్టరుగారు తరువాత మన బెంగళూరు నిమ్హాన్సు సంస్థకు వచ్చినారు. ఆ సంస్థ మన హొసూరు రోడ్డు మీదనే యున్నది. మడివాళలో బస్సెక్కిన తల్లి అచ్చట దిగి అడిగి తెలిసికొనవచ్చును.

ఇక రెండవ తీర్పు, కలిసిన భాష చెడిన భాష యనునది. ఇదియే మన ఇండ్లను లోపలినుండి తినివేయుచున్నది. దీనికి జవాబు చెప్పవలెనన్నచో హిందీ ఉర్దూల చరిత్రలోనికి పోక తప్పదు.

ఢిల్లీ మీరటు ప్రాంతములలో పుట్టిన ఒక జనవ్యవహారమునకు రెండు లిపులు, రెండు పేర్లు ఏర్పడినవి. 1800లో కలకత్తాలో వెలసిన ఫోర్టు విలియం కళాశాలయందు మీర్ అమ్మన్ ఒక ప్రక్క పారసీ లిపిలో వచనము వ్రాయుచుండగా, లల్లూలాల్ మరొక ప్రక్క నాగరిలో వ్రాసినాడు. చీలికకు ఆ కళాశాలయే కారణమనుట అతిశయోక్తి. కాని ఆ పిమ్మట శతాబ్దముపాటు ఒక పక్షమువారు అరబ్బీ పారసీ పదములను, మరొక పక్షమువారు సంస్కృత పదములను పెంచుకొనుచు పోయినారు. గాంధీగారు హిందుస్థానీ యని మొత్తుకొన్నను, 1949 సెప్టెంబరు 14న రాజ్యాంగసభ నాగరి లిపిలోని హిందీనే అధికారభాషగా నిర్ణయించినది. 351వ అధికరణములో హిందుస్థానీ పేరు ఒకమారు వినబడును. ఆ వెంటనే, క్రొత్త మాటలకు ముఖ్యముగా సంస్కృతమును ఆశ్రయింపవలెనని చెప్పబడినది.

శాస్త్రజ్ఞులు గ్రంథములను ప్రక్కకు పెట్టి జనుల నోళ్లను విన్నారు. జాన్ గంపర్జ్ అను అమెరికను పండితుడు ఉత్తరప్రదేశపు పల్లెయందు కాపురముండి పరిశోధించి, 1960లో సి. ఎం. నయీం గారితో కలిసి ఒక వ్యాసము ప్రకటించినాడు. దాని సారమిది: సంతలో, ఇంటిలో, పొలములో మాటలాడునప్పుడు హిందీ యేదో ఉర్దూ యేదో విడదీయజాలము, వేదికనెక్కినకొలది, గ్రంథమునకు దగ్గరైనకొలది రెండును దూరమగును. అనగా భేదమును పెంచినది నాయనమ్మలు కారు, సభలవారు.

శుద్ధి యజ్ఞము వలన లాభపడిన దెవరు? 2011 జనగణనలో హిందీ వారి సంఖ్య 52 కోట్లకు పైబడినది. అందు తమ మాతృభాష హిందీయని నేరుగా చెప్పినవారు సుమారు 32 కోట్లే. అయిదు కోట్ల భోజపురీ వారు మొదలుగా తక్కినవారందరు హిందీ పద్దుక్రింద చేర్చబడినవారు. ఆ ఇంటి భాషలు "మాండలికములు" అను మూటలో కట్టి అటక మీద పెట్టబడినవి. ఉర్దూ సంగతి మరొక విధము. 2001లో 5 కోట్ల 15 లక్షలున్నవారు 2011 నాటికి 5 కోట్ల 7 లక్షలైనారు. జనము పెరుగుచుండగా ఒక పెద్ద భాష లెక్కలో తరుగుట సామాన్య విషయము కాదు. దానికి రాజకీయములతో సహా పెక్కు కారణము లుండవచ్చును. శుద్ధత మాత్రము దానిని కాపాడలేదని తెలియుచున్నది.

ఇప్పుడు మన పొరుగింటికి వత్తము. కర్ణాటకమున ఉర్దూ మాతృభాషగా చెప్పినవారు నూటికి పదిమందికి పైగా, తెలుగువారు నూటికి ఆరుగురికి కొంచెము తక్కువగా 2011లో లెక్కకు వచ్చినారు. ఈ ఉర్దూ వారిలో అధికసంఖ్యాకుల ఇంటి పలుకు దక్ఖనీ. మడివాళ సంతలో కూరగాయలు బేరమాడు ప్రతి గృహిణి ప్రతిదినము దానిని వినుచున్నది. "నక్కో" అనుమాట మరాఠీ సొత్తు. "ఆతూఁ బోల్‌కే బోల్యా" అన్నప్పుడు ఆ "బోల్‌కే" ఎక్కడిదని అడుగుడు. ఉత్తరాది వాడు "ఉస్‌నే కహా" అని ముందు చెప్పి, చెప్పిన సంగతిని తరువాత అతికించును. మన దక్ఖనీ వాడు "వస్తానని చెప్పినాడు" అను మన తెలుగు వాక్యపు ఎముకలకే తన మాటల చర్మము తొడిగినాడు. ఆ "బోల్‌కే" మన "అని", కన్నడిగుల "అంత". కర్తకు "నే" తగిలించు ఉత్తరాది నియమమును కూడ అతడు వదలివేసినాడు. మనకు లేనిది తనకేల యనుకొన్నాడు కాబోలు.

లక్నో వారు, ఢిల్లీ వారు ఈ పలుకును విని నవ్వని దినము లేదు. చలనచిత్రములలో దానిని హాస్యగానికి కట్టబెట్టినారు. 1591లో హైదరాబాదు నగరమును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా తన కవిత్వమును ఈ దక్ఖనీ యందే చెప్పినాడనునది ఆ నవ్వువారికి జ్ఞప్తికి రాదు. అయినను దక్ఖనీ చచ్చినదా? బడిలో పిల్లవాడు గ్రంథపు ఉర్దూ నేర్చును, వీథిలో కన్నడము నేర్చును, ఉద్యోగమునకు ఇంగ్లీషు నేర్చును. ఇంటికి పోయి తల్లితో "కైకు" అనును. తల్లి వానిని తిట్టదు. ఎన్నో తరములుగా తెలుగుతో, కన్నడముతో కలిసి కలిసి, రూపు మార్చుకొని, ఎగతాళి పడి, ఆ భాష బ్రతికియే యున్నది. మనది గ్రంథములు, ప్రబంధములు, శతకములు గల భాష. మన మనుమలు దానిని ఇంగ్లీషు అక్షరములలో చదువుచున్నారు.

ఈ విషయమై మరొక పరిశోధన కలదు. గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో మహారాష్ట్రమున సాంగ్లీ చెంతనున్న కుప్వాడ్ గ్రామమును గూర్చి వ్రాసినారు. అచ్చట జైనులు కన్నడము, ముస్లిములు ఉర్దూ, మరికొన్ని కులములవారు మరాఠీ, త్రాళ్లు పేనువారు తెలుగు మాటలాడుదురు. శతాబ్దముల సహవాసముచేత ఆ ఊరి కన్నడ, ఉర్దూ, మరాఠీ భాషల వాక్యనిర్మాణము ఇంచుమించు ఒక్కటైనదని, మాటకు మాట మార్చిన చాలునని వారి సిద్ధాంతము. అంత ఏకత్వము నిజముగా కలదా యని పుణే డెక్కను కళాశాలవారు దరిమిలా ఆ ఊరికి పోయి ప్రశ్నించినారు. అది పండితుల తగవు. మనకు కావలసినది ఇంకొకటి. వ్యాకరణ మంతగా కలిసిపోయినను నాలుగు భాషలలో ఒక్కటియు మాయము కాలేదు. ఏలనన, వీథిలో ఏ భాషయైనను ఇంటిలో ఇంటి భాషయే.

ఇచ్చట ఒక ముల్లున్నది. దానిని దాచుట న్యాయము కాదు. కుప్వాడ్‌లో ఇంటింటికి నడుమ గోడలు కట్టినది కులము. ఒకరింట ఒకరు భుజింపకపోవుట, ఒకరినొకరు పెండ్లాడకపోవుట అను దుర్నీతి నీడన ఆ భాషలు నిలిచినవి. అట్టి గోడ మనకు వద్దు. మన పిల్లలు కన్నడిగులను, తమిళులను పెండ్లాడుచున్నారు, మంచిదే. అయినచో గోడ లేకుండ ఇంటి భాషను నిలుపుట యెట్లు? దీనికి మావద్ద సిద్ధముగా నున్న సమాధానము లేదు. ఒక్కటి మాత్రము తెలియును. గోడ లేనప్పుడు భాషను నిలుపునది పెద్దవారు పిల్లలతో మాటలాడు ఆ కొద్ది గంటల కాలమే. ఆ కాలమును సిగ్గుతో నింపినచో ఇంకేమి మిగులును?

సిగ్గు అను మాటను ఊరక వ్రాయలేదు. బెంగళూరు తెలుగు "ఉండాది" అనును, "యాడికి" అనును. "ఊట" అయినదా యని అడుగును. మొదటి రెండును రాయలసీమ సొత్తు, మూడవది కన్నడపు సొత్తు. దీనిని చూచి నవ్వు పెద్దమనిషి తన భాషను ఒకసారి జల్లెడ పట్టి చూచుకొనవలెను. జిల్లా, తాలూకా, జవాబు, హాజరు, వకీలు, దస్తావేజు, రాజీనామా, ఖరీదు, తయారు, ఖాళీ: ఇవి యెల్ల ఉర్దూ ద్వారమున మన ఇంటికి వచ్చినవి. వానిని వెళ్లగొట్టినచో ఆయన తన ఇల్లు ఖాళీ చేయజాలడు, ఖరీదు చేయజాలడు. రాజీనామా ఇచ్చి తప్పుకొనుటకును వీలుండదు. పారసీ మాట తెలుగులో కలిసిన అలంకారము, కన్నడపు మాట కలిసిన అపచారమా? ఎమెనో పండితుడు 1956లో భారతదేశమంతయు ఒక భాషాక్షేత్రమని నిరూపించినాడు. ఇచ్చిపుచ్చుకొనుట ఈ దేశపు భాషల స్వభావము. మడివాళ అను మన పేట పేరే కన్నడము. చాకలి యని దాని యర్థము. ఇచ్చటి సోమేశ్వరాలయపు గోడల మీద పదమూడవ శతాబ్దపు తమిళ శాసనము లున్నవి. ఆ గుడికి పోయి తెలుగులో మ్రొక్కుకొను మనకు శుద్ధత యెక్కడిది?

మన మహనీయుల పేర్లు వేదికల మీద తలచువారు గిడుగు రామమూర్తి పంతులుగారిని వ్యావహారికోద్యమ నాయకుడని మాత్రము పొగడి ఊరకుందురు. ఒడ్ర, తెలుగు, సవర భాషలు కలియు పర్లాకిమిడి ప్రాంతమున ఆయన సవరల పలుకును నేర్చి, వారికి బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణము ప్రకటించినారు. లిపి లేని భాషను భాషయని గౌరవించిన మనిషి, పుస్తకము లేని మన నాయనమ్మ తెలుగును భాష కాదనియుండునా? కెంపేగౌడ ప్రభువు తెలుగున గంగాగౌరీవిలాసము రచించినట్లు చెప్పుదురని ప్రతి వార్షికోత్సవమున మన వక్తలు చాటుదురు. అట్లే కానిండు. గౌడప్రభువు తెలుగు వ్రాసెనను సంతోషముతో మన పిల్లలకు తెలుగు వచ్చునా?

కొందరు మిత్రులు ఈ లోపమును ప్రభుత్వము మీదకు నెట్టుదురు. అందుకు మే మంగీకరింపము. కన్నడము ఈ నేల భాష. 2015 చట్టము దానిని బడులలో తప్పనిసరి చేసినది. మన పిల్లలు దానిని పూర్తిగా, ప్రేమతో నేర్వవలసినదే. పైన చెప్పిన సాక్ష్యమంతయు కన్నడము నేర్చిన పిల్లవానికి తెలుగు అడ్డు రాదనియే చెప్పుచున్నది. తెలుగు వచ్చిన వానికి కన్నడమును అడ్డు రాదు. ఇక మన హక్కుల మాట. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపు సౌకర్యము కల్పింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కర్ణాటకపు వ్యాజ్యమునందే తీర్పు చెప్పుచు, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించునది తల్లిదండ్రులేయని పలికినది. నిర్ణయము మన చేతిలో పెట్టిరి. మన మేమి నిర్ణయించితిమి? ఆ తల్లి నిర్ణయమును చూచితిమి కదా.

జనగణన ఉద్యోగి తలుపు తట్టినప్పుడును ఇదే తంతు. మాతృభాష యనగా బాల్యమున తల్లి తనతో మాటలాడిన భాషయని ఆ లెక్కలవారి నిర్వచనము. ఇతర భాషలు రెండు వేరుగా వ్రాయించుకొనవచ్చును. కన్నడమును అందు గర్వముగా వ్రాయింపవచ్చును. అయినను "మాది మంచి తెలుగు కాదు కదా" అని జంకి తెలుగు పేరు చెప్పని ఇండ్లు మాకు తెలియును. 1951లో పంజాబు ప్రాంతమున భాషల తగవు ముదిరి హిందీ, ఉర్దూ, పంజాబీ, పహాడీలను విడదీసి లెక్క పెట్టలేక అన్నిటిని ఒక్క మూటగా చూపినారు. అచ్చట పంతముచేత లెక్క తప్పినది. ఇచ్చట మన సంకోచముచేత తప్పుచున్నది. ఇప్పుడు నాలుగేండ్ల పిల్లలుగా నున్నవారు పెరిగి తమ బిడ్డల పేర లెక్క చెప్పునాటికి, తల్లి తమతో మాటలాడిన భాష ఇంగ్లీషని నిజమే చెప్పుదురు. అప్పుడు వారిని తప్పుపట్టుటకు మనకు అధికార ముండదు.

మేము గత సంవత్సరము మన కార్యవర్గము ఎదుట ఒక ప్రతిపాదనము పెట్టితిమి. ఉగాది పోటీలలో ఇంగ్లీషు లిపిలో వ్రాసిన కాగితములను అనుమతింపవలదు. పద్యము రాని పిల్లవాడు తన అవ్వ చెప్పిన కథ నొకదానిని ఇంటి తెలుగులో చెప్పిన చాలును; "తిండి", "ఊట", "ఉండాది" అన్నందుకు మార్కులు తగ్గింపరాదు. దీనిమీద అరగంట చర్చ జరిగినది. ప్రమాణము దిగజారునని కొందరు, బయటి అతిథులు నవ్వుదురని కొందరు అభ్యంతరము చెప్పగా విషయము వాయిదా పడినది. ఈ సంచిక మీ చేతికి అందిన పిమ్మట జరుగు సర్వసభ్య సమావేశమున ఆ ప్రతిపాదనమునే మరల ప్రవేశపెట్టుచున్నాము. ఈ పర్యాయము దానికి మరొక వాక్యము చేర్చినాము: కథల పోటీకి న్యాయనిర్ణేతలు ముగ్గురిలో ఒకరు మడివాళలోని ఆ నాయనమ్మ. ఆమెను అడిగి ఒప్పించు భారము మాది.